థర్మోస్టాట్ 21 చూపిస్తున్నా కాళ్లు చల్లగానే ఉంటున్నాయి, హీటింగ్ బిల్లు తగ్గేదెలా?

వానకోకిల | డిసెంబరు 1
అందరికీ నమస్తే. ఈ ఇంట్లో మాకిది రెండో చలికాలం. పాత ఇల్లు, రెండంతస్తులు, కింద బేస్‌మెంట్, పైన అటక, గాలిని వేడిచేసి ఇల్లంతా పంపే గ్యాస్ ఫర్నేస్. ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ చక్కగా 21 డిగ్రీలు చూపిస్తుంది, కానీ హాల్లో కూర్చుంటే పాదాలు జివ్వుమంటాయి. మేడమీద పడగ్గదిలో మాత్రం దుప్పటి తన్నేసేంత వేడి. బాబు రోజంతా నేలమీదే ఆడుకుంటాడు, అందుకే తగ్గించడానికి మనసొప్పడం లేదు. పోయిన ఏడాది జనవరి బిల్లు చూసి గుండె గుభేలుమంది, మళ్లీ ఆ నెల వస్తోందంటే ఇప్పటినుంచే టెన్షన్. ఫర్నేస్ చూడ్డానికి వచ్చినాయన పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, ఇది పాతబడిపోయింది, మార్చేయండి, వీలైతే కిటికీలు కూడా మార్చండి అని చెప్పి వెళ్లాడు. రెండూ చేయించే స్తోమత ఈ ఏడాది లేదు. ముందు ఏది చేయించుకోవాలో చెప్పండి, ఫర్నేసా, కిటికీలా?

మంచుకొండ | డిసెంబరు 1
రెండూ కాదు కోకిల గారూ, కొన్నాళ్లు ఆ రెంటినీ పక్కన పెట్టండి. జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది. కింద కాళ్లు జివ్వుమంటున్నాయి, పైన ఉక్కగా ఉంది అన్నారు చూశారా, ఇంటికి పైభాగంలో చిల్లులున్నాయని చెప్పే లక్షణం అది. వేడిగాలి తేలిక, పైకి లేస్తుంది, అటకలోకి సందు దొరికితే బయటికి పోతుంది. పోయినంత గాలీ ఎక్కణ్నుంచో లోపలికి రావాలిగా, అది తలుపు అడుగునుంచి, బేస్‌మెంట్ గోడ పై అంచునుంచి చల్లచల్లగా దూరుతుంది. ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట. బయట చలి ఎంత ముదిరితే ఈ లాగుడు అంత ఎక్కువ. చిల్లు కుండలో నీళ్లు నిలవడం లేదని చెంబు మార్చుకుంటే ఏం లాభం?

కిటికీల సంగతి కూడా చెప్తాను. వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ వాల్యూ అంటారు, ఎక్కువైతే మంచిది. ఒంటి అద్దం కిటికీకి అది సుమారు 1, రెండద్దాలదానికి సుమారు 2, మంచి పూతతో మూడద్దాలున్నది కూడా 5 దరిదాపుల్లోనే ఉంటుంది. అటక మీద వేడి పోకుండా పరిచే ఇన్సులేషన్‌ను చలి ప్రాంతాల్లో 49 నుంచి 60 దాకా వేయిస్తారు. అంత ఖర్చుపెట్టి కిటికీలు మార్చినా అది గోడంత కాదు. చెక్క కుళ్లిపోయి ఎలాగూ మార్చాల్సి వస్తే అప్పుడు మంచివి వేయించుకోండి, బిల్లు తగ్గించుకోవడం కోసం మాత్రం అది ఆఖరి పని.

బాగా చలిగా, గాలి వీచే రోజు చూసి ఒక అగరుబత్తి వెలిగించి ఇల్లంతా తిరగండి. వంటింటి ఎగ్జాస్టు, బాత్రూం ఫ్యాన్లు ఆన్ చేస్తే లోపలికి వచ్చే గాలి ఇంకా బాగా తెలుస్తుంది. పొగ ఎక్కడ పక్కకు వంగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

నీలిమంట | డిసెంబరు 1
మంచుకొండ గారు చెప్పింది నిజమే గానీ ఒక్క జాగ్రత్త మర్చిపోయారు, అది చిన్న విషయం కాదు. ఎగ్జాస్టు ఫ్యాన్లన్నీ ఒకేసారి వేస్తే, గ్యాస్ ఫర్నేస్‌కో వాటర్ హీటర్‌కో మామూలు పొగగొట్టం ఉన్న ఇంట్లో ఆ పొగ వెనక్కి ఇంట్లోకే రావచ్చు. కాబట్టి పరీక్ష చేసే ముందు ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ రెండూ ఆపేయండి, ఫ్యాన్లు ఆపాక మళ్లీ పెట్టుకోండి. ఫైర్‌ప్లేస్‌లో నిప్పు ఉంటే ఆ రోజు పరీక్ష వద్దు. అంతకంటే ముందు అడుగుతున్నా, మీ ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? రంగు, వాసన లేని విషవాయువు అది, అలారం లేకపోతే తెలిసే దారే లేదు. ప్రతి అంతస్తులో ఒకటి, పడుకునే గదుల బయట ఒకటి పెట్టుకోండి. సందులు మూసే పనంతా ఆ తర్వాతే.

మంచుకొండ | డిసెంబరు 1
నిజమే, నేను రాయాల్సింది. ధన్యవాదాలు నీలిమంట గారూ. పరీక్ష మనిషిని పెట్టి చేయిస్తే ముందుగా ఇవన్నీ వాళ్లే ఆపుతారు. తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి ఇంటి లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా తెచ్చి, ఎంత గాలి కారుతోందో కొలుస్తారు, బ్లోయర్ డోర్ టెస్ట్ అంటారు. మీ దగ్గర అందుబాటులో ఉంటే చేయించండి, లేకపోతే అగరుబత్తితోనే చాలావరకు పని జరుగుతుంది.

అద్దెఇల్లు | డిసెంబరు 2
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. సొంతిల్లున్నవాళ్లు అటక ఎక్కుతారు, మాలాంటి అద్దెవాళ్ల సంగతేంటి? అపార్ట్‌మెంట్, గోడ అడుగున కరెంటు హీటర్లు, కిటికీలు పాతవి, ఓనరు ఏమీ చేయించడు. పోయిన వారం మరీ చలేసి వంటింట్లో గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి పెట్టాను, కాస్త వెచ్చబడింది.

నీలిమంట | డిసెంబరు 2
తమ్ముడూ, ఆ ఓవెన్ పని ఇంకెప్పుడూ చేయొద్దు, దండం పెట్టి చెప్తున్నా. అది వంట కోసం చేసింది, గంటలకొద్దీ గది వేడిచేయడానికి కాదు. కిటికీలన్నీ మూసిన గదిలో నేను పైన చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ పేరుకునేది అలాగే. బొగ్గుల కుంపటి, బయట వాడే గ్యాస్ హీటర్లు కూడా ఇంటి లోపల పనికిరావు. ప్లగ్గుకు పెట్టే హీటర్ వాడితే నేరుగా గోడ సాకెట్‌కే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వద్దు, అది కరిగి అంటుకోవచ్చు. చుట్టూ మీటరు దూరంలో పరదా, దుప్పటి, పరుపు ఏవీ ఉండకూడదు.

గూడు | డిసెంబరు 2
అద్దెఇంట్లో పదేళ్లున్నాను, నేను చేసినవి చెప్తా. కిటికీ ఫ్రేముకు రెండువైపులా అంటుకునే టేపు వేసి, సన్నటి ప్లాస్టిక్ షీటు అతికించి, హెయిర్ డ్రయ్యర్ తిప్పితే ముడతలన్నీ పోయి డోలు తోలులా బిగుసుకుంటుంది. ఆ షీటుకీ అద్దానికీ మధ్య నిలిచిపోయిన గాలే ఇంకో అద్దంలా పనిచేస్తుంది. చలికాలం పోయాక లాగేస్తే గుర్తు కూడా ఉండదు, అంచున కొంచెం రంగు లేస్తే తప్ప. షీటు వేసిన రోజు రాత్రి గాలికి అది ఊపిరి పీలుస్తున్నట్టు పొంగి లోపలికి పోతూ ఉండడం చూశాను, అప్పటిదాకా ఆ గాలంతా మా మంచం మీదికే వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి, గది మొత్తం వేడిచేసే బదులు మనిషిని వేడిచేసుకో. 1500 వాట్ల హీటర్ రాత్రి 8 గంటలు ఆగకుండా తిరిగితే 12 యూనిట్లు. కరెంటు దుప్పటి 100 వాట్లది 8 గంటలకు ఒక యూనిట్ కూడా కాలదు. ఎండ వచ్చే కిటికీల పరదాలు పగలు పూర్తిగా తెరువు, చీకటి పడగానే వెయ్యి. హీటర్ పైన కిటికీ ఉంటే పరదా దాని మీద పడేంత పొడుగు ఉండకూడదు, వేడంతా పరదా వెనక్కి పోతుంది, పైగా ప్రమాదం. మీవి గది గదికి విడి స్విచ్చులే అయుంటాయి, వాడని గది తలుపు మూసి అక్కడ తగ్గించుకోవచ్చు, కానీ నీళ్ల పైపులున్న గదిని మరీ చల్లబడనివ్వొద్దు, గడ్డకట్టి పగిలితే అది ఇంకో తలనొప్పి. 13 డిగ్రీలకు తక్కువ వద్దు.

వానకోకిల | డిసెంబరు 2
గది తలుపులు మూయడం అంటే గుర్తొచ్చింది, మేం వాడని గదిలో ఫర్నేస్ గాలి వచ్చే వెంటు మూసేశాం. మంచిదేనా?

మంచుకొండ | డిసెంబరు 2
వద్దండీ. గూడు గారు చెప్పింది ఏ గది హీటర్ ఆ గదికి ఉండేవాళ్లకు. మీది ఒకే ఫ్యాన్ ఇంటి మొత్తానికీ గాలి తోస్తుంది. వెంట్లు మూస్తే ఆ గాలికి దారి లేక డక్టుల్లో, అంటే గాలి తీసుకెళ్లే గొట్టాల్లో, ఒత్తిడి పెరుగుతుంది, అతుకుల్లోంచి బేస్‌మెంట్‌లోకో గోడల్లోకో కారిపోతుంది. ఆదా చేశామనుకుంటాం, లోపల ఫ్యాన్ ఆయాసపడుతూ ఉంటుంది. తెరిచి పెట్టండి. ఫిల్టరు ఎప్పుడు మార్చారో కూడా చూసుకోండి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతల ఏమీ కనిపించకపోతే మార్చాల్సిందే. డక్టు అతుకులకు మాస్టిక్ అనే చిక్కటి పేస్టు పూయండి, లేదా అల్యూమినియం రేకు టేపు వేయండి. బూడిదరంగు గుడ్డ టేపు వేడికి ఎండి రాలిపోతుంది.

వానకోకిల | డిసెంబరు 7
నిన్న అటక ఎక్కాం! ముందు నీలిమంట గారికి చెప్పాలి, అలారాలు రెండు తెచ్చి పెట్టాం, అంతకుముందు ఇంట్లో ఒకటి కూడా లేదు.

అగరుబత్తి పట్టుకుని మెట్ల పైన అటక మూత దగ్గరకు వెళ్లగానే పొగ నిలువుగా లేచి మూత అంచులోకి దారంలా లాగేసుకుంది. చూసి నోట మాట రాలేదు. మూత తీస్తే అది వట్టి చెక్క పలక, దానిమీద ఏమీ లేదు, అంచు చుట్టూ పైవైపు తెల్లగా మంచు పేరుకుని ఉంది. టార్చి వేసి చూస్తే కప్పులోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకులన్నిటికీ తెల్లటి టోపీలు పెట్టినట్టు మంచు. గులాబీరంగు ఇన్సులేషన్ పరిచి ఉంది గానీ, ఒకచోట ఎత్తి చూస్తే అడుగు నల్లగా ఉంది. బాత్రూం పైపు పైకి వచ్చే చోట, హాల్లో లైట్లకు పైన, రెండు గోడల తలమీద, ఇలా అక్కడక్కడే నలుపు. ఇది బూజేమోనని భయంగా ఉంది. ఇన్సులేషన్ మొత్తం తీయించాలా?

గూడు | డిసెంబరు 7
కంగారు పడకండి, ఆ నలుపు చాలావరకు దుమ్మే. మీ గులాబీరంగు ఇన్సులేషన్ ఫైబర్ గ్లాస్ అయుంటుంది, అది గాలిని ఆపదు, వడగడుతుంది. మీ ఇంటి గాలి ఏళ్ల తరబడి ఆ సందులోంచి పైకి పోతూ తనలోని దుమ్మును అక్కడ వదిలిపెట్టింది, అంతే. ఒకరకంగా మీ అదృష్టం, ఎక్కడెక్కడ మూయాలో ఇల్లే మరకలు పెట్టి చూపిస్తోంది. తడిగా ఉండి ముక్కవాసన వస్తే, చెక్క కూడా నల్లబడితే అది వేరే, అప్పుడు తెలిసినవాళ్లకు చూపించండి. మేకుల మీద మంచు కూడా దీనికి చుట్టమే, కింద స్నానాల ఆవిరి, వంట ఆవిరి అంతా ఆ దారిలోనే పోయి చల్లటి మేకు తగలగానే గడ్డకడుతోంది.

మంచుకొండ | డిసెంబరు 7
ఇప్పుడు అసలు పని. దయచేసి వరుస తప్పకండి, ఇన్సులేషన్ పైన ఇంకో పొర వేయించేయడం సులువనిపిస్తుంది, చాలామంది అదే చేస్తారు, కానీ సందులు మూయకుండా పైన కప్పితే గాలి అలాగే పోతుంది, సందు మళ్లీ కనబడదు కూడా. నల్లగా ఉన్నచోటల్లా పొర పక్కకు జరిపి, సన్న సందులైతే కాల్క్ అనే సందులు పూడ్చే పేస్టు, వేలు దూరేంత ఉంటే కొట్టగానే ఉబ్బే డబ్బా ఫోమ్, పెద్ద కంత అయితే గట్టి ఫోమ్ బోర్డు ముక్క కోసి అంచులకు ఫోమ్ కొట్టండి. మూతకు పైన మందపాటి ఫోమ్ బోర్డు అతికించి, అది ఆనే అంచుకు చుట్టూ గాలి ఆపే మెత్తటి పట్టీ (వెదర్ స్ట్రిప్), బిగుతుగా లాగే కొక్కెం ఒకటి.

రెండుచోట్ల ఫోమ్ వాడొద్దు. ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ ఉన్న ఖాళీని రేకు, వేడికి తట్టుకునే సీలెంటు పెట్టి మాత్రమే మూయాలి, ఇన్సులేషన్ కూడా ఆ గొట్టానికి తగలకూడదు. కప్పులో దిగేసిన లైట్ల మీద, ఇన్సులేషన్ తగిలినా ఫర్వాలేదని రాసి ఉంటే తప్ప ఏమీ కప్పకూడదు. చూరు దగ్గర గాలి వచ్చే రంధ్రాలుంటాయి, అవి అటక ఆరడానికి పెట్టినవి, వాటిని మూయకండి. మీ ఇల్లు పాతది కాబట్టి ఇంకో మాట, ఇన్సులేషన్ కింద మెరిసే గులకరాళ్లలాంటి పొర కనిపిస్తే చేయి పెట్టకండి. అది వెర్మిక్యులైట్ అయుంటుంది, అందులో కొన్నిటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, పరీక్ష చేయించాకే. పింగాణీ గుబ్బల మీదుగా పోయే పాతకాలం వైరింగ్ ఉన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దూలాల మీదే కాలు పెట్టండి, మధ్యలో పెడితే కింద గదిలో తేలతారు.

తెల్లఎలుగు | డిసెంబరు 9
మంచి చర్చ. నాదో ప్రశ్న, రాత్రిపూట థర్మోస్టాట్ తగ్గిస్తే లాభమా నష్టమా? పొద్దున మళ్లీ వేడెక్కడానికి తగ్గించినదానికంటే ఎక్కువ కాలుతుందని మా అన్నయ్య గట్టిగా అంటాడు.

లెక్కలమాస్టారు | డిసెంబరు 9
ఫర్నేస్ అయితే మీ అన్నయ్యగారి మాట నిలవదు. ఇల్లు ఎంత వేడి కోల్పోతుందనేది లోపలికీ బయటికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. బయట మైనస్ 10, లోపల 21 అంటే తేడా 31. లోపల 17 చేస్తే తేడా 27. ఇల్లు ఆ 17కు దిగాక ఉన్నంతసేపూ నష్టం సుమారు 13 శాతం తక్కువ. పొద్దున పెట్టే వేడి, రాత్రి ఇల్లు చల్లబడుతున్నప్పుడు పెట్టకుండా మిగిల్చిన వేడే. ఇల్లు బాగా కారుతుంటే త్వరగా చల్లబడుతుంది, తగ్గించినందుకు ఆదా ఎక్కువ. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క, రోజుకు 8 గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 4 నుంచి 5.5 సెల్సియస్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని.

తెల్లఎలుగు | డిసెంబరు 9
మాది హీట్ పంప్ మాస్టారూ, ఫర్నేస్ కాదు. అదే గొడవ. రాత్రి 4 డిగ్రీలు తగ్గించి చూస్తే బిల్లు పెరిగింది, ఒట్టు.

లెక్కలమాస్టారు | డిసెంబరు 9
ఆ మాట ముందు చెప్పాల్సింది, అప్పుడు అన్నయ్యగారిదే పైచేయి కావచ్చు. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి లాక్కొస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, చలి ముదిరేకొద్దీ అది తగ్గుతుంది. తెల్లవారుజామున, అంటే సరిగ్గా చలి ఎక్కువున్న వేళ, ఒక్కసారిగా 4 డిగ్రీలు ఎక్కించమంటే చాలా వాటిలో సాయానికి పెట్టిన కరెంటు కాయిల్ ఆన్ అవుతుంది. దాని దగ్గర ఒకటికి ఒకటే. రాత్రంతా మిగిల్చింది గంటలో పోతుంది. ఆ కాయిల్ ఆన్ అయిందని చెప్పే ఆక్స్ అనే గుర్తు థర్మోస్టాట్ మీద వెలుగుతోందేమో పొద్దున చూడండి. మీరు ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గించకండి, లేదా రోజంతా ఒకేచోట ఉంచండి. బయటి యూనిట్ చుట్టూ మంచు పేరుకోకుండా చూసుకోండి.

పాతబాయిలర్ | డిసెంబరు 10
బాయిలర్ నుంచి వేడినీళ్లు పారే రేడియేటర్లున్నవాళ్లు ఎవరైనా ఉంటే నా అనుభవం. మా బాయిలర్ కండెన్సింగ్ రకం, పెట్టినవాళ్లు నీళ్ల వేడి 80 మీద వదిలేసి వెళ్లారు. ఆ రకం బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకోవాలి, తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే అది జరుగుతుంది. నేను 60కి తగ్గించాను. రేడియేటర్ ముట్టుకుంటే చుర్రుమనదు, ఎక్కువసేపు నడుస్తుంది, కానీ గది అంతే వెచ్చగా ఉంది, గ్యాస్ తగ్గింది. రేడియేటర్ పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు, పక్కనున్న చిన్న స్క్రూ కొంచెం తిప్పితే బుస్సుమని పోతుంది, నీటిచుక్క రాగానే బిగించేయాలి. సోఫాను దానికి ఆనించి పెట్టకండి. కుళాయిలకు వేడినీళ్లిచ్చే ట్యాంకు వేడి మాత్రం వేరే, దాన్ని 60లోనే ఉంచాను, గోరువెచ్చటి నిల్వ నీళ్లలో జబ్బు చేసే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది.

అద్దెఇల్లు | డిసెంబరు 12
గూడన్నా, షీటు వేశాను. మొదటిసారి డ్రయ్యర్ మరీ దగ్గర పెట్టి ఒకచోట చిల్లు పడింది, రెండో షీటు బాగా వచ్చింది. కానీ ఇంకో గదిలో వేయని కిటికీ అద్దం మీద పొద్దున నీళ్లు కారుతున్నాయి.

గూడు | డిసెంబరు 12
ఇంట్లో తేమ ఎక్కువైంది. బట్టలు లోపలే ఆరేస్తున్నావా? స్నానం చేశాక పావుగంట ఫ్యాన్ వేసి ఆపేయి, గంటలకొద్దీ వదిలేస్తే వేడిగాలి కూడా పోతుంది. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, బాగా చలిగా ఉన్నప్పుడు 30 దగ్గరే ఉంచు.

వానకోకిల | ఫిబ్రవరి 2
చాలా రోజులకు వచ్చాను, క్షమించండి. డిసెంబరులో రెండు వారాంతాలు అటకలోనే గడిపాం. పది డబ్బాల ఫోమ్ పట్టింది. అన్నిటికంటే పెద్దది బాత్రూం పైపుల పక్కన, ఇన్సులేషన్ ఎత్తితే చేయి భుజం దాకా దూరేంత కంత, టార్చి వేస్తే కింద బేస్‌మెంట్ నేల కనిపించింది! ఇన్నాళ్లూ మా ఇంటి మధ్యలో కిటికీ తెరిచి పెట్టుకుని పడుకున్నట్టే కదా. బోర్డు కోసి మూసిన రోజు సాయంత్రం బాబు నేలమీద కూర్చుని ఆడుతుంటే నేను పక్కన కూర్చున్నాను, కాళ్లమీద దుప్పటి లేకుండా, మొదటిసారి. ఇప్పుడు 20లో పెడుతున్నాం, రాత్రి 17.

కానీ బిల్లు చూస్తే గ్యాస్ పోయిన జనవరికి 372 ఘనపు మీటర్లు, ఈ జనవరికి 322. ఇంత కష్టానికి ఇదేనా అని కొంచెం నిరాశగా ఉంది.

లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 2
అమ్మా, రెండు జనవరిలూ ఒకేలా ఉన్నాయా? రోజు సగటు ఉష్ణోగ్రతను 18లోంచి తీసేయండి, వచ్చింది ఆ రోజు డిగ్రీ డే, అంటే ఆ రోజు చలి ఎంతో చెప్పే కొలత. నెలంతా కూడండి. వాతావరణ శాఖల సైట్లలో రోజువారీ సగటు ఉంటుంది.

వానకోకిల | ఫిబ్రవరి 3
కూర్చుని కూడాను మాస్టారూ. పోయిన జనవరి సగటు మైనస్ 6, మొత్తం 744. ఈసారి సగటు మైనస్ 8, మొత్తం 806.

లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 3
అయితే పోయినసారి 372ను 744తో భాగిస్తే డిగ్రీ డేకి 0.50. ఈసారి 322ను 806తో భాగిస్తే 0.40. బిల్లులో కనిపించింది 13 శాతమే గానీ, ఎక్కువ చలిలో కూడా మీ ఇల్లు 20 శాతం తక్కువ అడిగింది. పోయిన ఏడాదిలాగే ఉండుంటే ఈ జనవరికి 403 కాలేవి. ఇందులో థర్మోస్టాట్ తగ్గించినది కొంత, మిగతాది ఆ కంతలదే.

వానకోకిల | ఫిబ్రవరి 3
403తో పోలిస్తే 81 తగ్గాయన్నమాట! ఆ లెక్క మావారికి చూపించాను, వచ్చే శనివారం బేస్‌మెంట్ పని మొదలుపెడదామన్నారు. పునాది గోడ మీద చెక్క ఆనే అంచులో చేయి పెడితే సన్నగా గాలి తగులుతోంది, కొన్నిచోట్ల పాత ఇన్సులేషన్ కుక్కి ఉంది. అదీ నల్లగానే ఉంది.

మంచుకొండ | ఫిబ్రవరి 3
అది తీసేయండి. రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డును దూలాల మధ్య ఉండే ప్రతి గడికీ చుట్టూ వేలి వెడల్పు తక్కువగా కోసి దూర్చండి, ఆ ఖాళీలో ఫోమ్ కొట్టండి, బిగిసిపోతుంది. బిగుతుగా కోస్తే దూరదు, విరుగుతుంది. చెక్క తడిగా ఉంటే ముందు ఆరనివ్వండి. బోర్డు బయటికి కనబడేలా వదలొచ్చా, నిప్పంటుకోకుండా పైన ఏమైనా కప్పాలా అనేది మీ దగ్గర నిబంధనల్లో చూసుకోండి. మొదటి గడి అయ్యాక ఫోటో పెట్టండి.